మురిగిపోయేవి

గార దాటాక తారురోడ్డు ఇసకకి లొంగిపోతుంది.
ఆటో అక్కడే ఆగింది.
చెప్పులు చేత్తో పట్టుకుని, ఫైలు చంకన పెట్టుకుని
గంపలపేట తీరానికి నడిచాను,
తాబేలు గుడ్ల మీద సర్కారు పెట్టిన ఖర్చుకి
లెక్క చూడటానికి.

మా ఆఫీసులో ఒక మాటుంది:
మార్చి ముప్పై ఒకటి దాటితే నిధులు మురిగిపోతాయి.
ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నానా మాట.
దానికో వాసనుంటుందని ఏనాడూ తోచలేదు.

సూరాడ దానేసు ఇసక తవ్వి ఒక గుడ్డు తీశాడు.
నిమ్మకాయంత. చిదిమాడు.
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.
"మురగడమంటే ఇదమ్మా," అన్నాడు, నవ్వలేదు.
"జనవరిలో నలుగురుంటే
గుడ్లన్నీ మిట్టకి మార్చీద్దుము.
నానొక్కణ్ణే గదా. పోటు నీరెక్కీసింది.
తాబేలు టయానికే వచ్చింది మరి.
మీ డబ్బులే..."
మిగతా మాట అలకి వదిలేశాడు.

మస్టర్లో ముగ్గురు కాపలాదారులు, తొంభై రాత్రులు.
తీరం మీద ఒక మనిషి.
పోయినేడు కూలి ఇంకా ట్రెజరీ గుమ్మం దాటలేదు.
టార్చిలైటు బ్యాటరీలు
పెళ్ళాం ఎండుచేపలమ్మిన డబ్బుతో కొన్నాడట.
"రసీదు?" అన్నాను.
నా నోరే. నాకే వినబడింది.

కూతురి పాత నోటుబుక్కు తెచ్చి చూపించాడు.
చదువు రాదు. గూడుకో సున్నా,
బతికి కడలి చేరిన పిల్లకో చుక్క.
నేను చూసిన లెక్కల పుస్తకాల్లో
కొట్టివేత ఒక్కటీ లేనిది ఇదే.
మధ్యలో ఒక పేజీలో మాత్రం సున్నా ఉంది,
చుక్కలు లేవు.

ఆ పేజీ కథ నా ఫైల్లో ఉంది.
మార్చి ఇరవై తొమ్మిదిన పద్దులో డబ్బు పడింది.
రెండు రోజుల్లో ఏం కొనగలరెవరైనా?
ఒక ఇనప స్తంభం. దాని నెత్తిన సోలార్ దీపం.
కింద ఫ్లెక్సీ, తాబేళ్ళను కాపాడుకుందాం అని.
కొటేషన్లు మూడు, ఫోటో ఒకటి, వినియోగ పత్రం.
అన్నీ సక్రమం. ముప్పై ఒకటి సాయంత్రం
నాలుగింటికి ముద్ర.

గుడ్డు పగిలి వచ్చే పిల్లకి తెలిసింది ఒకటే,
ఎటు వెలుగుంటే అటు సముద్రం.
ఆ రాత్రి నూట పదకొండు పిల్లలు
సముద్రానికి వీపు తిప్పి
సర్కారు దీపం కేసి నడిచాయి.
దీపం దాటితే రోడ్డు.
తెల్లారి ఏం చూశాడో దానేసు చెప్పలేదు.
నేనూ అడగలేదు, అది నా కాలమ్‌లో లేదు.

మర్నాడు స్తంభమెక్కి
దీపానికి యూరియా గోనె కట్టేశాడు.

చివరి బస్సు ఎప్పుడో పోయింది.
బోర్లించిన పడవకి చేరగిలబడి కూర్చున్నాను.
మూడు గంటలప్పుడు ఇసక కొంచెం కుంగింది,
ఉడికే అన్నం మధ్యలో కుంగినట్టు.
తర్వాత ఒక ముక్కు. తర్వాత లెక్కపెట్టలేకపోయాను,
లెక్కపెట్టడమే బతుకుగా ఉన్నదాన్ని.
చీకటి. నురుగు మెరుపు. అటే పోయాయి.
దానేసు పెన్సిలు నాలికకి తడి చేసుకుని
చుక్కలు పెట్టాడు.

వీటిలో ఏ ఒక్కటో పెరిగి
పదిహేనేళ్ళకి గుడ్లు పెట్టడానికి ఇదే ఇసక వెతుక్కుంటుందట.
మా ఆడిట్ అభ్యంతరాలదీ ఇంచుమించు అదే ఆయుష్షు.
అప్పటికి నేను పింఛను క్యూలో ఉంటాను.

ఫారంలో ఒక గడి మిగిలింది:
కొన్న ఆస్తి వినియోగంలో ఉన్నదా?
లేదు అని రాస్తే దానేసుని అడుగుతారు.
ఉంది అని రాస్తే గోనె విప్పుతారు.
తెల్లారేదాకా పెన్ను మూత తీసి, పెట్టి,
చివరికి రాశాను:

దీపము గోనెసంచితో సహా పరిశీలించడమైనది.
గోనె ఖరీదు పద్దులో చూపలేదు.
కాపలాదారునికి చెల్లించవలెను.